ఎం.ఇడి., ఎం.ఎ. (విద్య) ఒకటి కావు: ఉపాధ్యాయులు గమనించాలి

యర్రగొండపాలెం వంటి నల్లమల అంచు మండలాలలో పనిచేసే ఉపాధ్యాయులకు విద్యాశాస్త్రంలో స్నాతకోత్తర పట్టా పొందేందుకు దూరవిద్య ఒక ముఖ్య మార్గం. అయితే ఎం.ఇడి., ఎం.ఎ. (విద్య) రెండూ ఒకటి కావు. రుసుము చెల్లించక ముందే ఈ తేడా తెలిసి ఉండాలి.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలు ఎం.ఇడి.ని రెండేళ్ల కోర్సుగా చేసి, ఏటా కనీసం 200 పనిదినాలు, తరగతులకు 80 శాతం హాజరు నిర్దేశించాయి. దూరవిద్యలో డి.ఎల్.ఇడి., బి.ఇడి.లకు ప్రమాణాలు ఇచ్చిన ఆ నిబంధనలలో ఎం.ఇడి.కి చోటు లేదు. అందువల్ల బడి విడవకుండా ఈ పట్టా పొందడం దుస్సాధ్యమైంది. ఉద్యోగస్తుల కోసం రెండేళ్ల పార్ట్ టైం ఎం.ఇడి.ని మండలి 2025 నాటి ముసాయిదాలో ప్రతిపాదించింది.

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) అందించే ఎం.ఎ. (విద్య)కు ఏ డిగ్రీ ఉన్నవారైనా అర్హులే. కనిష్ఠ కాలపరిమితి రెండేళ్లు, గరిష్ఠ పరిమితి నాలుగేళ్లు. మారుమూల ఉపాధ్యాయునికి అసలు అండ ఈ వెసులుబాటే. జూన్ పరీక్షలు బడులు తెరిచే రోజులలో వస్తే, కొన్ని పేపర్లను డిసెంబర్‌కు ఉంచుకోవచ్చు. పరిశోధన వ్యాసానికి అంశం ఎక్కడో వెతకనక్కరలేదు. చెంచు గూడేల పిల్లల హాజరు, వారి ఇంటి మాటకూ పాఠ్యపుస్తక భాషకూ గల దూరం కళ్లెదుటనే ఉన్నాయి.

బి.ఇడి. కళాశాలలో అధ్యాపక పదవి ఆశించేవారు మరొకటి గమనించాలి. 2014 నిబంధనల మేరకు ఎం.ఎ. (విద్య), బి.ఇడి. రెండింటిలో 55 శాతం మార్కులున్నవారు విద్యా దృక్పథాల విభాగం పోస్టులకు అర్హులు. బోధనాశాస్త్ర పోస్టులకు మాత్రం ఎం.ఇడి. తప్పనిసరి. చేరబోయే ముందు శాఖాపరమైన అనుమతిని, ఆ కోర్సుకు యు.జి.సి. దూరవిద్యా విభాగం గుర్తింపును సరిచూసుకోవలసి ఉంటుంది.