గుర్రం కొద్దీ రౌతు

అశ్వక్రీడల్లో ఈవెంటింగ్ అని పిలిచేది, ఒక రౌతు, ఒక గుర్రం జంటగా డ్రెస్సాజ్, క్రాస్‌కంట్రీ, షో జంపింగ్ అనే మూడు పరీక్షలను వరసగా దాటవలసిన పోటీ. మూడింటిలోనూ పడిన పెనాల్టీ పాయింట్లను కలిపి, ఎవరి మొత్తం తక్కువగా ఉంటే వారిని విజేతగా నిర్ణయిస్తారు. చూసేవారికి కనిపించేది ఇంతే అయినా, దీన్ని వృత్తిగా చేపట్టిన రౌతు పనితనాన్ని ఒక పోటీతో కాక ఒక సీజన్‌తో కొలవాలి, ఎందుకంటే అతని చేతికింద ఏకకాలంలో మూడు నాలుగు గుర్రాలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఉంటాయి, వాటి వయసులు వేరు, అనుభవాలు వేరు, స్వభావాలూ వేరు. ఎక్కినవాడి సత్తాను బట్టే గుర్రం నడుస్తుందని చెప్పడానికి తెలుగువారు 'రౌతు కొద్దీ గుర్రం' అంటారు. ఈవెంటింగ్‌లో ఆ సామెత సగమే నిజం. ఒక గుర్రం దిగి ఇంకో గుర్రం ఎక్కిన ప్రతిసారీ ఆ మనిషి కూడా దానికి తగిన రౌతుగా మారవలసిందే.

తమిళనాడులోని వేలూరు, గుడియాత్తం ప్రాంతాల తెలుగువారికి గుర్రమూ రౌతూ కలిసిన రూపం కొత్తది కాదు. వేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయం విజయనగర సామంతుడైన చిన్నబొమ్మి నాయకుడి కాలానికి, అంటే పదహారో శతాబ్దానికి చెందినది. అందులోని కల్యాణమండపపు స్తంభాల మీద ముందరి కాళ్లు గాలిలోకి లేపి వెనక కాళ్ల మీద నిలబడిన గుర్రాలు, యాళి మృగాలు, వాటి వీపున కూర్చున్న వీరులు రాతిలోంచి బయటికి దూకుతున్నట్టే ఉంటారు. శిల్పి ఎంచుకున్నది గుర్రం తన బలమంతా చూపే క్షణం, కాని అదే భంగిమ డ్రెస్సాజ్ మైదానంలో కనిపిస్తే న్యాయనిర్ణేతలు దాన్ని మొండితనంగా లెక్కగట్టి మార్కులు కోసేస్తారు, ఎందుకంటే అక్కడ పరీక్షించేది బలాన్ని కాదు, బలాన్ని అణచుకుని చెప్పినట్టు నడిచే నేర్పును. ఆ నేర్పుకు మన దగ్గర శాస్త్రం లేకపోలేదు; అమరకోశం గుర్రపు గతులను ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అయిదుగా విడదీసి పేర్లు పెట్టగా, తెలుగులో మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' అనే అశ్వశాస్త్ర గ్రంథమే రచించాడు.

ఈవెంటింగ్ పుట్టింది అశ్వికదళాల అవసరంలోంచి కనుక ఐరోపాలో పలుచోట్ల చాలాకాలం దీన్ని 'మిలిటరీ' అనే పిలిచారు. కవాతులో అదుపు తప్పకుండా నడవడం, దారీతెన్నూ లేని నేల మీద కాలువలు, గట్లు దాటుతూ దౌడు తీయడం, అంత శ్రమ తరవాత మర్నాడు కూడా పనికి వచ్చేంత ఓపికతో నిలబడడం అనేవి సైనికుడి గుర్రానికి ఉండవలసిన మూడు గుణాలు కాగా, నేటి మూడు పరీక్షలూ వాటి నుంచే వచ్చాయి. అటువంటి గుర్రం చేతిలో ఉండడమంటే ఏమిటో వేలూరు చరిత్రే చెబుతుంది. 1806 జులై 10న కోటలోని సిపాయిలు తిరుగుబాటు చేశారన్న కబురు ఆర్కాటు దండుకు చేరగానే, గిలెస్పీ అనే అధికారి 19వ లైట్ డ్రాగూన్ల గుర్రపు దళంలో కొంత భాగాన్ని వెంటబెట్టుకుని సుమారు 25 కిలోమీటర్ల దూరాన్ని దౌడు మీద దాటి, ఆ ఉదయమే కోట ముందు నిలిచాడు, వెనకాలే గుర్రాలు లాగే తేలికపాటి ఫిరంగులూ వచ్చాయి. ఆ తరవాత కోటలో వందల మంది సిపాయిలు ప్రాణాలు కోల్పోయారు. కొద్ది గంటల్లో ఆ తిరుగుబాటు గతిని మార్చినవాటిలో గుర్రాల వేగం ఒకటి కావడం ఈ నేల మరిచిపోలేని విషాదం. యుద్ధానికి పెంచిన ఆ వేగమే తరవాతి కాలంలో క్రీడగా మారి, 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో చోటు సంపాదించింది. అప్పట్లో సైనికాధికారులకే పరిమితమైన ఈ పోటీలోకి తరవాత సామాన్య పౌరులు, 1964లో మహిళలు అడుగుపెట్టారు.

డ్రెస్సాజ్‌లో 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో గుర్రం నిర్ణీతమైన కదలికలను చేసి చూపగా, ఒక్కొక్కదానికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేసి, సగటు శాతాన్ని నూరులోంచి తీసివేసి, మిగిలినదాన్ని పెనాల్టీగా రాస్తారు. క్రాస్‌కంట్రీలో దుంగలు, కందకాలు, గట్లు, నీటి మడుగులు అడ్డంకులుగా ఉంటాయి. ఇవి చాలావరకు కాలు తగిలితే కూలేవి కావు కనుక, అంచనా తప్పితే దెబ్బ గుర్రానికో రౌతుకో తగలక మానదు. గుర్రం ఒక అడ్డంకి దగ్గర మొరాయిస్తే 20 పెనాల్టీలు పడతాయి, రౌతు కింద పడితే పోటీ అక్కడితో ముగుస్తుంది. పై స్థాయిలో నిమిషానికి 570 మీటర్ల, అంటే గంటకు 34 కిలోమీటర్లకు పైబడిన సగటు వేగాన్ని బట్టి గడువు నిర్ణయించి, అది మించిన ప్రతి సెకనుకూ 0.4 చొప్పున వేస్తారు. చివరిదైన షో జంపింగ్‌లో అడ్డంగా పెట్టిన కర్ర ఒక్కటి పడినా నాలుగు పెనాల్టీలు.

గుడియాత్తం చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతి రోజుల్లో జరిగే ఎద్దుల పరుగులో నిర్ణీత దూరాన్ని ఏ ఎద్దు తక్కువ సెకన్లలో దాటితే దానిదే బహుమతి. ఈవెంటింగ్‌లో గడియారానికి వేరే అర్థం ఉంది: గడువుకన్నా ముందే చేరినందుకు ఒక్క పాయింటూ కలిసిరాదు, పైగా అనవసరంగా ఖర్చయిన ఆ సత్తువ మర్నాడు షో జంపింగ్‌లో పడిపోయే కర్రల రూపంలో బయటపడుతుంది. అందుకే రౌతు ముంజేతికి గడియారం కట్టుకుని, ఏ నిమిషానికి ఎక్కడ ఉండాలో మనసులో గుర్తు పెట్టుకుని, ఆలస్యానికీ తొందరకూ మధ్య గుర్రాన్ని నడుపుతాడు.

ఒక రౌతుకు ఇన్ని గుర్రాలు ఎందుకన్న ప్రశ్నకు జవాబు గుర్రపు కాళ్లలో ఉంది. మోకాలి కింద కండ లేని గుర్రపు కాలు ఎముక, స్నాయువుల మీదనే బరువంతా మోస్తుంది; ఆ స్నాయువు ఒక్కసారి చిట్లితే నెలల తరబడి, కొన్నిసార్లు ఎప్పటికీ ఆ గుర్రం పోటీకి పనికిరాదు. అందువల్ల పెద్ద స్థాయి దీర్ఘపోటీలకు ఒక గుర్రాన్ని వసంతంలో ఒకసారి, శరత్తులో ఒకసారి కన్నా ఎక్కువగా దింపడానికి అనుభవజ్ఞులు ఇష్టపడరు. బ్యాడ్మింటన్, బర్లీ, కెంటకీ అనే మూడు మహా పోటీలను వరసగా గెలిచినవారికి దక్కే గ్రాండ్ స్లామ్‌ను ఇంతవరకు ఇద్దరే సాధించగా, ఇద్దరూ రెండేసి గుర్రాలతోనే సాధించడం గమనించదగినది. 2003లో బ్రిటన్‌కు చెందిన పిప్పా ఫనెల్ కెంటకీ, బర్లీలను ప్రైమోర్స్ ప్రైడ్ మీద, బ్యాడ్మింటన్‌ను సుప్రీమ్ రాక్ మీద గెలిచారు. జర్మనీకి చెందిన మిఖాయెల్ యుంగ్ 2015లో బర్లీని సామ్ మీద, 2016లో కెంటకీని ఫిషర్‌రొకానా మీద, ఆ వెంటనే బ్యాడ్మింటన్‌ను మళ్లీ సామ్ మీద గెలిచి ఆ గౌరవం పొందారు. ఏ పోటీకి ఏ గుర్రాన్ని దింపాలన్నంత బాగా, ఏ పోటీకి దేన్ని దింపకూడదన్నది కూడా వారు తెలుసుకున్నారు. ఈ రెండో తెలివి లేని రౌతు ఎంత గొప్ప స్వారీ చేసినా, రెండేళ్లు తిరిగేసరికి ఖాళీ గుర్రపుశాలతో మిగిలిపోతాడు.

ఐరోపాలో పోటీలు మార్చి నుంచి అక్టోబరు దాకా సాగుతాయి. వాటికి సన్నాహం మాత్రం చలిలోనే మొదలై, మొదటి కొన్ని వారాలు ఒట్టి నడకతో, తరవాత ఎగువ దారుల్లో చిన్న పరుగుతో, చివరికి కొద్ది నిమిషాల దౌడు, కొద్ది నిమిషాల విరామం చొప్పున సాగే కసరత్తుతో ముగుస్తుంది. ఈ వరసను తొందరపెట్టకూడదు, ఎందుకంటే కండరాలు, ఊపిరితిత్తులు వారాల్లో సిద్ధమైతే ఎముకలు, స్నాయువులు గట్టిపడడానికి నెలలు పడుతుంది. గుర్రం చూడడానికి సిద్ధంగా ఉందనిపించే ఆ మధ్యకాలమే ప్రమాదకరమైనది. నాలుగు గుర్రాలుంటే ఈ లెక్క నాలుగు రకాలుగా నడుస్తుంది: పెద్దదానికి దౌడు రోజు, కుర్రదానికి కర్రల మీద దూకే రోజు, బెదురుగుణం ఉన్నదానికి జీను బిగించి ఊరి బయట తిప్పి తెచ్చే రోజు, నిన్న శ్రమపడినదానికి సెలవు.

పోటీకి ముందు రౌతు క్రాస్‌కంట్రీ దారిని మూడు నాలుగుసార్లు కాలినడకన తిరిగి, రెండు అడ్డంకుల మధ్య గుర్రానికి ఎన్ని అంగలు పడతాయో తన అడుగులతో కొలుచుకుంటాడు. అదే మడుగును పెద్ద అంగలు వేసే గుర్రంతో తిన్నగా దాటించి, నీటిని చూసి జంకే గుర్రంతో చుట్టుదారిన దాటించవలసి ఉంటుంది కనుక, నేల ఒకటే అయినా అతను రెండు దారులు గుర్తుపెట్టుకోవాలి. మొదటి గుర్రం మీద చేసిన పొరపాటును రెండోదాని మీద దిద్దుకునే అవకాశం ఉన్నా, మొదటిదాని ఊపును రెండోదాని పగ్గాల్లోకి తీసుకుపోతే అదే కొత్త పొరపాటవుతుంది.

గమ్యం దాటిన గుర్రం దగ్గర మొదటి పది నిమిషాల్లో జరిగే పని ఎంతో విలువైనది. విశ్రాంతిలో నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకునే గుండె అప్పటికి 200 దాకా వెళ్లి ఉంటుంది, ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. రౌతు దిగీ దిగగానే, పాతరోజుల్లో సయిసు అని పిలిచిన సంరక్షకులు జీను విప్పి, మెడ, భుజాలు, తొడల మీద మంచునీళ్లు గుమ్మరించి, నాలుగు అడుగులు నడిపించి, మళ్లీ గుమ్మరిస్తూ, పశువైద్యుడు నాడి చూసి సరేననే దాకా ఆ పని ఆపరు. వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయన్న భయం ఒకప్పుడు ఉండేది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు జరిగిన పరిశోధనలు ఆ భయానికి ఆధారం లేదని తేల్చాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే వేలూరు ఎండను ఎరిగినవారికి ఈ జాగ్రత్త ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. మన దేశంలో ఈ పోటీలు ఎక్కువగా చలికాలంలో పెట్టడానికి కూడా కారణం ఆ ఎండలే.

గుడియాత్తం మీదుగా పోయే రైలుమార్గం బెంగళూరు చేరుతుంది. ఈ ప్రాంతానికి ఈవెంటింగ్ దగ్గరి బంధుత్వం కూడా ఆ ఊరిదే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రఘుబీర్ సింగ్ వ్యక్తిగత స్వర్ణం గెలిచిన తరవాత ముప్ఫై ఆరేళ్లకు, 2018 జకార్తాలో సెన్యూర్ మెడికాట్ అనే గుర్రం మీద వ్యక్తిగత రజతం గెలిచి, జట్టుకూ రజతం తెచ్చిన ఫవాద్ మీర్జా బెంగళూరువాసి. ఆ తరవాత ఆయన జర్మనీలో 2014 ప్రపంచ విజేత సాండ్రా ఔఫార్ట్ దగ్గర శిక్షణ పొందుతూ, ఎంబసీ గ్రూప్ సమకూర్చిన గుర్రాలతో టోక్యో ఒలింపిక్స్‌కు సిద్ధమయ్యారు. 2019 సీజన్ చివరికి ఆగ్నేయాసియా, ఓషియానియా విభాగంలో ఆయనను అగ్రస్థానంలో నిలిపిన 64 పాయింట్లలో 34 ఫెర్న్‌హిల్ ఫేస్‌టైమ్ మీద, 30 టచింగ్‌వుడ్ మీద వచ్చినవి. పతకం తెచ్చిన మెడికాట్ వాటిలో లేదు. ఒలింపిక్స్ ఏడాది ఆలస్యం కావడంతో, రౌతుతో పాటు గుర్రం కూడా కనీస ప్రమాణాన్ని అందుకోవాలన్న నిబంధన మేరకు 2021లో మెడికాట్‌నూ దజారా 4నూ సిద్ధం చేశారు, ముందుగా దజారా పేరు ప్రకటించారు, చివరి వారాల్లో మనసు మార్చుకుని మెడికాట్‌నే ఎంచుకున్నారు. నాలుగు గుర్రాల శ్రమ ఒక గుర్రం మీద టోక్యోకు చేరిందన్నమాట.

అక్కడ డ్రెస్సాజ్‌లో 28.00 పెనాల్టీలతో తొమ్మిదో స్థానంలో నిలిచిన ఆ జంట, క్రాస్‌కంట్రీలో అడ్డంకులన్నీ దాటినా గడువు మించి 28 సెకన్లు తీసుకోవడంతో 11.20 చేర్చుకుని, షో జంపింగ్‌లో రెండు కర్రలు పడగొట్టి 47.20 దగ్గర నిలిచి, తొలి పాతిక మందికి జరిగే తుది పోరుకు అర్హత సాధించి, చివరికి 23వ స్థానం పొందింది. ఆ అంకె చూసి పెదవి విరవడం తగదు. ఒలింపిక్స్ ఈవెంటింగ్‌లో అంతకుముందు భారతీయుడు కనిపించింది 2000 సిడ్నీలో, ఇంతియాజ్ అనీస్ రూపంలో.

ఇటువంటి రౌతు విదేశంలో కాపురం పెట్టవలసి రావడానికి డబ్బు, శిక్షణల కన్నా బలమైన కారణం ఒకటుంది. గుర్రాలకు సోకే కొన్ని అంటువ్యాధుల భయంతో ఐరోపా దేశాలు భారత గుర్రాల రాకను కట్టడి చేయడంవల్ల, ఇక్కడ పెంచిన గుర్రం అక్కడ పోటీ చేయడం దాదాపు అసాధ్యంగా ఉంటూ వచ్చింది, రౌతులు అక్కడే గుర్రాలు కొని అక్కడే ఉండిపోయారు. 2025 జులైలో మీరట్‌లోని రిమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రంలో ఏర్పాటు చేసిన వ్యాధిరహిత అశ్వ విభాగానికి ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తింపు లభించడంతో, మన నేల మీద తయారైన గుర్రం విదేశీ పోటీలకు వెళ్లే దారి ఒకటి తెరుచుకుంది. ఐపీఎస్ శిక్షణార్థులకు స్వారీ నేర్పే హైదరాబాద్ జాతీయ పోలీసు అకాడమీ నుంచి బెంగళూరు స్వారీ పాఠశాలల దాకా దక్షిణాదిలో రౌతులకు కొదవ లేదు కనుక, ఆ దారి విశాలం కావాలని కోరుకోవడం అత్యాశ కాదు.

అక్టోబరు ముగిసేసరికి సీజన్ అయిపోతుంది. లాడాలు కొట్టే మనిషి వచ్చి, పెద్ద గుర్రాల గిట్టల నుంచి ఒక్కొక్క మేకూ ఊడదీసి, ఇనుప లాడాలను పక్కన పడేస్తాడు. వట్టి గిట్టలతో వాటిని పచ్చికలోకి వదిలి, కొన్ని వారాల పాటు వాటి మీద జీను వేయరు. కుర్ర గుర్రానికి మాత్రం ఆ రోజుల్లోనే మొదటిసారి నీటి మడుగు చూపిస్తారు. అది అంచున ఆగి, ముక్కుతో నీటిని వాసన చూసి, ఒక కాలు ముంచి వెనక్కి తీస్తుంది. పగ్గాలు వదులుగా పట్టుకున్న రౌతు అది రెండో కాలు ముంచే దాకా కదలకుండా కూర్చుంటాడు.