ఈకల జలగ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వెళ్ళే దారికి కాస్త లోపలగా సరూర్‌నగర్ చెరువు ఉంది. మన చెరువుల్లో గాలం వేసేవారు వానపామునో, పిండిముద్దనో ఎరగా గుచ్చడం మీరు చూసే ఉంటారు. అమెరికాలో కొందరు ఈకలతోనే జలగను కట్టి చేపను మోసగిస్తారు! ప్రాణంలేని ఈక జలగలా ఎలా ఈదుతుంది?

ముందు అసలు జలగను గమనించండి (సీసాలో ఉంచి సుమా, చేత్తో పట్టుకొని కాదు). అది 33 ఖండితాల శరీరాన్ని రిబ్బనులా పలచగా చేసి, అలలు అలలుగా పైకీ కిందికీ ఊపుతుంది. చేప తోక పక్కలకు ఊగుతుంది. జలగది నిలువు ఊపు. కిటుకంతా ఇక్కడే ఉంది.

గాలపు కొక్కెం కాడకు నల్లని ఉన్ని చుట్టి, వెనక టర్కీకోడి నూగు ఈక కడతారు. తలవద్ద ఇత్తడి పూస. దారం లాగితే తల లేస్తుంది, వదిలితే పూస బరువుకు మునుగుతుంది. ఈక ఆ వెనకే మెలికలు తిరుగుతుంది. గట్టి రెక్క ఈక అలా ఊగదు. తోక మరీ పొడవైతే కొక్కేనికి చుట్టుకుంటుంది. అందుకే దాదాపు కాడంత పొడవే ఉంచుతారు.

కొక్కెం లేకుండానే మీరూ పరీక్షించవచ్చు. చీపురుపుల్ల ముక్క వెనక కోడి నూగు ఈక, ముందు చిన్న ఇనప నట్టు కట్టి, బకెట్ నీళ్ళలో దారంతో లాగుతూ, ఆపుతూ చూడండి. తర్వాత నట్టును మధ్యకు జరపండి. ఊపు ఎలా మారిందో రాసుకోండి.