స్టీల్ కట్ ఓట్స్ కొనేముందు... ఒకసారి అరకు సంత చూద్దాం

ఉదయం తొమ్మిదింటికి ఆన్‌లైన్ టెస్ట్. ఎనిమిదిన్నరకు లేచారు. మెస్‌లో ఇడ్లీ అయిపోయింది. ఒక టీ, రెండు బిస్కెట్లతో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పదింటికల్లా రీజనింగ్ ప్రశ్నలోని ఐదుగురు స్నేహితులు ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో పట్టదు. మధ్యాహ్నం మెస్‌లో ఏం కూరో, బుర్ర అంతా దానిమీదే ఉంటుంది. ఇది మీ కథ కాకపోతే సంతోషం. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్న రోజుల్లో నాది మాత్రం అచ్చం ఇదే.

అప్పుడే ఎవరో ఒకరు చెబుతారు: 'ఓట్స్ తినరా, అదీ స్టీల్ కట్!' వెంటనే ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తాం. కాస్త ఆగండి.

స్టీల్ కట్ అనగానే అదేదో కొత్త రకం పంట అనుకోవద్దు. ఓట్స్ గింజకు పైపొట్టు తీసి, లోపలి పప్పును స్టీలు బ్లేడ్లతో రెండు మూడు ముక్కలుగా కోస్తారు. అంతే. మన మాటల్లో చెప్పాలంటే ఓట్స్ నూకలు. అదే గింజను ఆవిరి పట్టి రోలర్ల మధ్య అటుకుల్లా నొక్కితే రోల్డ్ ఓట్స్. ఇంకా పల్చగా నొక్కితే ఇన్‌స్టంట్. నూక ఉడకడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఇన్‌స్టంట్‌కు రెండు మూడు నిమిషాలు చాలు. త్వరగా ఉడికేది కడుపులోనూ త్వరగా అరుగుతుంది, త్వరగా ఆకలేస్తుంది. నూకకు ఉన్న గొప్పతనం ఇదే: నెమ్మది.

ఈ నెమ్మదితనం కోసమే అయితే సముద్రం దాటి వచ్చే గింజ తప్పనిసరా? మన దేశంలో ఓట్స్ పంటను ఎక్కువగా పశువుల మేతకే వేస్తారు. తినే ఓట్స్‌లో పెద్ద భాగం బయటి నుంచి, ముఖ్యంగా ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. ఇటు విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కితే, బొర్రా దాటాక కాసేపటికి వచ్చే అరకు చుట్టుపక్కల కొండవాలు పొలాల్లో సామలు, చోళ్లు వానాకాలం పంటగా పండుతున్నాయి. చోళ్లంటే రాగులే. ఉత్తరాంధ్రలో అలాగే అంటారు.

నిజం దాచకుండా చెప్పాలి. ప్రొటీన్‌లో సామల కంటే ఓట్సే ముందుంది. కొలెస్ట్రాల్ తగ్గించడానికి పనికొచ్చే బీటా గ్లూకాన్ అనే పీచు కూడా దానిలో బాగా ఉంటుంది. కాబట్టి కొన్న ప్యాకెట్ పారేయక్కర్లేదు. కాకపోతే కాల్షియం దగ్గరికొస్తే చోళ్లకు పోటీ లేదు. 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. ఇక సామలంటారా, అన్నం తినే అలవాటున్న నాలుకకు అవి కొత్తగా అనిపించవు. పప్పూ కలుస్తుంది, చారూ కలుస్తుంది. ఓట్స్‌లో గోంగూర కలిపి చూశాను. మీరు చూడొద్దు.

కొనేటప్పుడు ఏం చూడాలి? సంతలో అయితే గింజ పచ్చటి వన్నెలోనో బూడిద రంగులోనో కనిపిస్తుంది. పైన తవుడు పొర ఉన్నట్టు. తెల్లగా మెరుస్తోందంటే బాగా పాలిష్ పట్టారని అర్థం, అంటే పీచు చాలావరకు పోయినట్టే. గుప్పెడు తీసుకుని వాసన చూడండి. పాత నూనె వాసన వస్తే వద్దు. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి పాలిష్ పట్టని సామలు తొందరగా ముక్కిపోతాయి. ఓట్స్‌కూ ఈ గొడవ ఉంది. అందుకే ఫ్యాక్టరీలో ముందే ఆవిరి, వేడి పట్టించి, నూనెను పాడుచేసే ఎంజైమ్‌ను చంపేస్తారు. సామలకు ఆ ఏర్పాటు ఉండదు. కాబట్టి నెలకు సరిపడా మాత్రమే కొని, మూత గట్టి డబ్బాలో పెట్టుకోండి. కొండ మీది నుంచి గంప మోసుకొచ్చిన ఆవిడ దగ్గర రెండు రూపాయల కోసం బేరమాడకండి. ఆ గింజ వెనక ఎంత పని ఉందో కింద చెబుతా.

ప్యాకెట్ అయితే ముందువైపు బొమ్మను వదిలేసి వెనక్కి తిప్పండి. ఏ పదార్థం ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలన్నది నిబంధన. 'మిల్లెట్' అని పెద్దక్షరాల్లో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ వెనక మొదటి పేరు మైదా అయితే, అది మైదా బిస్కెట్టే. మసాలా ఓట్స్‌లో ఉప్పు ఎంతో కూడా చూడండి. తర్వాత 100 గ్రాములకు ఎంత పడుతుందో లెక్కేయండి. ఆప్టిట్యూడ్ ప్రాక్టీస్ అనుకోండి. స్టీల్ కట్, విడి సామలు, చోడిపిండి మూడింటికీ వేసి చూస్తే ఏది ఎందుకు కొనాలో మీకే తెలుస్తుంది.

ఇక వంట. ముందు నా ఘనకార్యం చెబుతాను. పీజీ గదిలో ఎలక్ట్రిక్ కెటిల్‌లోనే ఓట్స్ వేసి మరిగించాను. గంజి పొంగి బల్లంతా పారింది, అడుగున మాడి అంటుకుంది, కెటిల్ చచ్చిపోయింది. ఆ వారం పక్క గదివాళ్లు నన్ను 'చెఫ్' అని పిలిచారు. కెటిల్ ఉన్నది నీళ్లు కాచడానికే.

మరి గదిలో ఎలా? పాతకాలం ఫ్లాస్కు ఉంటే చాలు. సామలు కడిగి సాయంత్రం నానబెట్టండి. పడుకునే ముందు ఫ్లాస్కును వేడినీళ్లతో ఒకసారి తొలిపి, నానిన సామలు ఒక వంతు, సలసల కాగిన నీళ్లు నాలుగు వంతులు పోసి, చిటికెడు ఉప్పేసి మూత బిగించండి. తెల్లారేసరికి జావ సిద్ధం. స్టీల్ కట్ ఓట్స్‌కూ ఇదే లెక్క. వెడల్పు మూతి ఫ్లాస్కు అయితేనే సుమా, లేకపోతే కడగడం నరకం. రైస్ కుక్కర్ ఉంటే ఇంకా తేలిక. అరగంటైనా నానిన సామలకు రెండున్నర వంతుల నీళ్లు పోస్తే అన్నం, నాలుగు వంతులు పోస్తే జావ. ఉప్మా కావాలంటే పోపు, ఉల్లిపాయ వేగాక నీళ్లు పోసి, మరిగాక సామలు వేసి, సన్న సెగ మీద పావుగంట మూతపెట్టండి.

చోడిపిండితో అందరూ చేసే తప్పు ఒకటే: మరిగే నీళ్లలో పిండి పోసేయడం. ఉండ పైపొర వెంటనే ఉడికి గట్టిపడుతుంది, లోపల పొడి అలాగే ఉండిపోతుంది. రెండు చెంచాల పిండిని ముందు చల్లటి నీళ్లలో కలిపి, అప్పుడు మరిగే నీళ్లలో పోసి కలియబెట్టాలి. కొండల్లో, ఉత్తరాంధ్ర పల్లెల్లో చేసే చోడి అంబలికైతే పిండిని రాత్రే నీళ్లలో కలిపి పులియబెడతారు. పొద్దున నూకలు ఉడికించి అందులో పోసి కాస్తారు. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. పొలం పనికి వెళ్లేవాళ్లను మధ్యాహ్నం దాకా నిలబెట్టే తిండి అది. మూడు గంటల టెస్ట్ దానికి ఒక లెక్కా! కాకపోతే పరీక్ష రోజే మొదలుపెట్టకండి. పీచు అలవాటు లేని కడుపు ఉబ్బరిస్తుంది. వారం ముందు నుంచి కొంచెం కొంచెంగా తినండి, నీళ్లు బాగా తాగండి.

ఇప్పుడు గంప వెనక ఉన్న పని సంగతి. చోళ్లను శుభ్రం చేసి నేరుగా పిండి పట్టించొచ్చు. సామలకు గట్టి పొట్టు ఉంటుంది. అది తీయకుండా తినలేం. తరతరాలుగా ఆడవాళ్లు రోట్లో రోకలితో దంచి, చేటలో చెరిగి ఆ పొట్టు తీశారు. నాలుగు మెతుకుల కోసం గంటల కొద్దీ దంపుడు. రేషన్ బియ్యం వచ్చాక సామన్నం వెనక్కి తగ్గిందంటే వాళ్లను తప్పుపట్టలేం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో దుకాణం తెరిచారు. పక్క పొలంలోని సామలకు రోలూ రోకలే దిక్కు అనే ఊళ్లు ఇంకా ఉన్నాయి.

మెకానికల్, ఫుడ్ టెక్నాలజీ వాళ్లూ, ఇది మీ కోసమే. పొట్టు తీసే యంత్రాలు లేవని కాదు. గింజను వేగంగా గోడకేసి కొట్టి, పొట్టు పగలగొట్టి, గాలితో ఎగరగొట్టేవి ఉన్నాయి. కానీ గింజ సైజు, తేమ మారితే నూక ఎక్కువవుతుంది, లేదా పొట్టు మిగిలిపోతుంది. చిన్న ఊరికి సరిపోయేలా, అక్కడి కరెంటుకు నడిచేలా, అక్కడివాళ్లే రిపేరు చేసుకునేలా ఉండాలి. ఫైనలియర్ ప్రాజెక్టుకు మళ్లీ అటెండెన్స్ యాప్ చేసే బదులు దీన్ని చూడొచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థకు న్యూట్రిహబ్ అనే ఇంక్యుబేటర్ ఉంది, ఈ రంగంలోని స్టార్టప్‌ల కోసమే. చిన్న ఆహార యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఇచ్చేలా 2020లో కేంద్రం పీఎంఎఫ్ఎంఈ పథకం తెచ్చింది. దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

ముందైతే ఈ రాత్రికి గ్లాసులో సగం సామలు నానబెట్టండి. ఫ్లాస్కు లేకపోతే పక్క గదిలో అడగండి. ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, అమ్మ ఇచ్చి పంపింది, ఇంకా అట్టపెట్టె కూడా విప్పనిది.