బంతిని ఇచ్చేసే ఉద్యోగం

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున్నే అమెరికాలో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తే ఎత్తడు. మనకు తెల్లవారుజాము అయిదు గంటలప్పుడు వాళ్లకు ఆదివారం సాయంత్రం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్, సూపర్ బౌల్ మొదలయ్యే వేళ. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు కొదవ లేదు. అక్కడికెళ్లి కొన్నాళ్లు ఉండి వచ్చిన తల్లిదండ్రులు ఈ ఆటను టీవీలో చూసే ఉంటారు. పేరు ఫుట్‌బాల్, ఆడేదంతా చేతులతో. హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకుంటారు, లేస్తారు, ఆగుతారు. మధ్యమధ్యలో ఒకడు బెంచీ మీంచి లేచొచ్చి, చేతికందిన బంతిని ఆకాశంలోకి తన్ని, మళ్లీ పోయి కూర్చుంటాడు. అతన్ని పంటర్ అంటారు. బంతిని ఎదుటి జట్టుకు అప్పగించడమే అతని పని. దానికి జీతం కోట్లలో ఉంటుంది.

బంతిని ఎందుకిస్తారో తెలియడానికి కబడ్డీ తెలిస్తే చాలు. 2021 మార్చిలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు సూర్యాపేటలోనే జరిగాయి కాబట్టి ఆ ఆట గురించి ఇక్కడివాళ్లకు చెప్పబోవడం అనవసరం. ప్రో కబడ్డీలో వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. పాయింటు తేవాలి, లేదంటే రైడర్ అవుట్. అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ దాదాపు ఇదే లెక్క. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. నాలుగోసారీ తప్పితే ఆగిన చోటే బంతి ఎదుటివాళ్లది.

అయితే కబడ్డీలో లేని వెసులుబాటు ఒకటి ఇక్కడుంది. మూడు ప్రయత్నాలు అయ్యాక, నాలుగోది నెగ్గుతామన్న నమ్మకం లేకపోతే, బంతిని దూరంగా తన్నేయొచ్చు. మైదానం పొడవు వంద గజాలు. మన గోల్ గీతకు ముప్పై గజాల దగ్గర ఇరుక్కున్నామనుకుందాం. అక్కడ తప్పితే ఎదుటివాళ్లు గోల్‌కి ముప్పై గజాల దూరంలో ఉంటారు. అదే నలభై అయిదు గజాలు తన్నితే డెబ్బై అయిదు గజాలు నడిచి రావాలి. బంతి ఎలాగూ పోయేదే. ఎక్కడ పోగొట్టుకున్నామన్నదే ఇక్కడ లెక్క.

ఈ పని చూసినంత తేలిక కాదు. పంటర్ పదిహేను గజాల వెనక నిలబడతాడు. ముందున్న ఆటగాడు వంగి, కాళ్ల మధ్యనుంచి బంతిని వెనక్కి విసురుతాడు. ఆ విసురు మొదలైన దగ్గర్నుంచి పంటర్ కాలు బంతికి తగిలేదాకా ఉండేది సుమారు రెండు సెకన్లు. ఆ లోపలే పట్టుకోవాలి, తిప్పి సరిచేసుకోవాలి, అడుగులేసి తన్నాలి. మీదికి దూకడానికి అవతల మనుషులు సిద్ధంగా ఉంటారు. దూరం ఒక్కటే చాలదు. బంతి గాలిలో నాలుగున్నర సెకన్లయినా ఉంటేనే తన జట్టు పరుగెత్తి పట్టేవాణ్ని చుట్టుముట్టగలదు. అరవై గజాలు పోయినా తక్కువ ఎత్తులో పోయిందంటే అది ఎదుటివాడికి ఇచ్చిన కానుకే. మరీ ఎక్కువ తన్ని గోల్ గీత దాటించినా నష్టమే. బంతిని ఇరవై గజాల దగ్గరికి తెచ్చి వాళ్లకిస్తారు. అందుకని గీతకు అయిదారు గజాల ఇవతల, మూలన పడేలా తన్నేవాడికే గిరాకీ.

గాలిలో ఉండే సమయాన్ని లెక్కపెట్టడం రే గై పేరుతో ముడిపడింది. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1973లో ఓక్లండ్ రైడర్స్ ఈ పంటర్‌ని మొదటి రౌండులోనే తీసుకుంది. తన్నేవాడికి అంత విలువా అని నవ్వినవాళ్లున్నారు. 1976లో న్యూ ఓర్లీన్స్ సూపర్‌డోమ్‌లో అతను తన్నిన బంతి పైన వేలాడే తెరకు తగిలింది. అయినా మేటి ఆటగాళ్లకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి పంటర్‌గా అతన్ని తీసుకోవడానికి 2014 దాకా పట్టింది. అంతకు ముందు ఒక్క పంటర్‌కీ ఆ గౌరవం దక్కలేదు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ సంగతి చూద్దాం. అక్కడి కౌబాయ్స్ జట్టులో 2021 నుంచి పంట్ చేస్తున్నది బ్రయాన్ యాంగర్. 2012 డ్రాఫ్ట్‌లో జాక్సన్‌విల్ అతన్ని 70వ వాడిగా తీసుకుంది. అయిదు స్థానాల తరవాత సియాటిల్ తీసుకున్నది, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని. రెండేళ్లు తిరక్కుండానే అతను సియాటిల్‌కి సూపర్ బౌల్ తెచ్చాడు. జాక్సన్‌విల్ ఎంపిక మీద వేసిన జోకులకు లెక్కలేదు. పాపం, అందులో యాంగర్ తప్పేముంది? జాక్సన్‌విల్ తరవాత టాంపా, హ్యూస్టన్, ఆపైన డాలస్. ముప్పై దాటాకే అతనికి పేరు, నిలకడ రెండూ దొరికాయి. అదే కౌబాయ్స్‌లో క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ 2024లో కుదుర్చుకున్న ఒప్పందం సగటున ఏడాదికి 6 కోట్ల డాలర్లు, సుమారు 500 కోట్ల రూపాయలు. ఆ ఏడు లీగ్‌లో కొత్తవాడి కనీస జీతం 7,95,000 డాలర్లు, ఆరున్నర కోట్ల పైచిలుకు. డ్రాఫ్ట్‌లో దొరకని పంటర్‌కి మొదట్లో దక్కేది ఆ కనీసమే. ఒక జట్టుకు ఒకడే పంటర్, జట్లు 32. అంటే లీగ్ మొత్తానికి కొలువులు ముప్పై రెండే.

కుదిరితే మాత్రం ఈ కొలువు చాలా కాలం నడుస్తుంది. గుద్దులాట తక్కువ, తన్నేటప్పుడు మీద పడితే ఎదుటివాళ్లకు పెనాల్టీ. జెఫ్ ఫీగల్స్ 22 సీజన్లు, ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా వరసగా 352 మ్యాచ్‌లు ఆడి, నలభై నాలుగేళ్ల వయసులో 2010లో విరమించాడు. అతని స్థానంలో న్యూయార్క్ జెయింట్స్‌కి వచ్చిన కుర్రాడు మ్యాట్ డాడ్జ్. ఆ డిసెంబరు 19న ఫిలడెల్ఫియాతో స్కోరు 31-31, మిగిలింది 14 సెకన్లు. బంతిని పక్క గీత దాటించి బయటికి తన్నమన్నాడు కోచ్ టామ్ కాఫ్లిన్. బంతి తిన్నగా ఫిలడెల్ఫియా ఆటగాడు డిషాన్ జాక్సన్ దగ్గరికి పోయింది. అతను ముందు జారవిడిచి, మళ్లీ అందుకుని 65 గజాలు పరుగెత్తి మ్యాచ్ గెలిపించేశాడు. మైదానంలోనే కోచ్ ఆ కుర్రాడి మీద అరిచిన దృశ్యం అందరూ చూశారు. మరుసటి ఏడు జెయింట్స్ స్టీవ్ వెదర్‌ఫర్డ్‌ని తెచ్చుకుంది. డాడ్జ్‌కి మళ్లీ లీగ్ మ్యాచ్ దక్కలేదు. 2012 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో వెదర్‌ఫర్డ్ మొదటి పంట్ న్యూ ఇంగ్లండ్‌ని ఆరు గజాల దగ్గర ఇరికించింది. వెంటనే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ తప్పు చేస్తే జెయింట్స్‌కి రెండు పాయింట్లు వచ్చాయి. జెయింట్స్ గెలిచింది 21-17తో.

ఈ కొలువులకు ఇటీవల ఆస్ట్రేలియన్లు గట్టి పోటీ. వాళ్ల ఫుట్‌బాల్‌లో పరుగెత్తుతూ చేతిలోని బంతిని తన్నడం చిన్నప్పటి నుంచీ అలవాటు. సావ్ రోకా 33 ఏళ్ల వయసులో, 2007లో, ఫిలడెల్ఫియాలో కొత్త ఆటగాడిగా చేరాడు. అదే ఏడు మెల్‌బోర్న్‌లో నేథన్ చాప్‌మన్ మొదలుపెట్టిన ప్రోకిక్ ఆస్ట్రేలియా ఏటా కుర్రాళ్లను అమెరికా కాలేజీలకు స్కాలర్‌షిప్పులతో పంపుతోంది. మన దగ్గర 2012లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒక ప్రయత్నం జరిగింది. మొదటి సీజన్ మ్యాచ్‌లు కొలంబోలో ఆడించారు, తరవాత అది నిలవలేదు. నిలిచినా అందులోంచి పంటర్ పుట్టేవాడనుకోను. వేల పంట్లు తన్నిన కాలికి గానీ ఆ ఒడుపు రాదు.

పైగా అమెరికాలోనే పంట్లు తగ్గుతున్నాయి. కంప్యూటర్ లెక్కలు చూసుకుని కోచ్‌లు నాలుగో ప్రయత్నాన్ని ఆడేయడానికే మొగ్గుతున్నారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి ఈ ఆట ఫ్లాగ్ ఫుట్‌బాల్ రూపంలో వస్తోంది. జట్టుకు అయిదుగురు, గుద్దుకోవడం ఉండదు, నడుముకు వేలాడే గుడ్డ పీకితే ఆ ప్రయత్నం ముగిసినట్టే. ఖర్చు తక్కువ కాబట్టి మన స్కూళ్లకు ఎప్పుడైనా వస్తే ఈ పద్ధతే వస్తుంది. అందులో బంతిని తన్నడమనేదే లేదు.