అవ్వ "నొప్పి లేదు" అంటే నమ్మొచ్చా? వయసుకు, ఆపరేషన్ నొప్పికి సంబంధం ఏంటి

మాది కమ్మర్‌పల్లి, పసుపు పరిశోధన కేంద్రం ఉన్న ఊరు. ఈ రోజు మా ఇంట్లో జరిగిన విషయంతోనే మొదలుపెడతా.

నాకు 22 ఏళ్లప్పుడు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. రాత్రంతా మూలుగుతూనే ఉన్నా, నర్సును పిలుస్తూనే ఉన్నా. రెండేళ్ల తర్వాత మా నానమ్మ వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినంక ఎప్పుడడిగినా ఒకటే మాట: "ఏం నొప్పి లేదు బిడ్డా, మంచిగనే ఉన్న." నేను నమ్మిన. కానీ ఆమె లేస్తలేదు, తింటలేదు. ఫిజియోథెరపీ చేసే ఆయన వచ్చి, "కాలు కదిపితే ఎట్లుంది అమ్మా?" అని అడిగితే కళ్ల నిండా నీళ్లు.

మరి వయసు పెరిగితే నొప్పి తగ్గుతుందా? సగమే నిజం. ఆపరేషన్ తర్వాత ఎక్కువ నొప్పి ఉందని చెప్పేది సాధారణంగా తక్కువ వయసు వాళ్లే. పెద్దవాళ్లకు వేడి లాంటి చిన్న నొప్పులు కొంచెం ఆలస్యంగా తెలుస్తాయి. కానీ ఆగకుండా ఉండే నొప్పిని తట్టుకునే శక్తి మాత్రం వయసుతో పెరగదు. నొప్పిని అణచడానికి మెదడు నుంచి వెన్నుపాముకు వెళ్లే సంకేతాలు వయసుతో బలహీనపడతాయి. దానికితోడు, "పిల్లలకెందుకు ఇబ్బంది" అని దాచుకుంటారు.

దాచుకుంటే ఏమవుతుంది? నొప్పికి భయపడి లేవరు. మంచం మీదే ఉంటే కండ కరుగుతుంది, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతాయి. అందుకే తుంటి ఆపరేషన్ అయితే వీలైనంత వరకు మర్నాడే లేపి నిలబెడతారు.

కాబట్టి మూడు పనులు చేయండి. పడుకున్నప్పుడు కాదు, లేచేటప్పుడు, దగ్గేటప్పుడు నొప్పి ఎంతుందో అడగండి. మెడికల్ షాపులో సొంతంగా నొప్పి గోలీలు కొనకండి, వయసు మీద పడ్డ కిడ్నీలకు అవి దెబ్బ. ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, పొంతన లేకుండా మాట్లాడినా "వయసు కదా" అని వదిలేయకుండా డాక్టర్‌కు చెప్పండి.

ఇంకోటి, మా ఊళ్లో పసుపుకు కొదవ లేదు. అయినా కుట్ల మీద మాత్రం రాయకండి.

ఇప్పుడు నానమ్మ వాకర్ పట్టుకుని గేటు దాకా వస్తది. "నొప్పి ఉందా?" అని అడగడం మానేసిన. "లేచినప్పుడు ఎంతుంది?" అంటే నిజం చెప్తది. ఇంటికి దూరంగా ఉన్నవాళ్లు ఈ రోజు వీడియో కాల్‌లో అట్లనే అడిగి చూడండి.