కొవ్వాడలంక చెరువులో ఆరిన కోనసీమ దీపం

కైకలూరు: కొల్లేటి చుట్టుపక్కల ఎటు చూసినా చేపల చెరువులే. గట్ల వెంబడి కొబ్బరి చెట్లు. చలికాలం పోతూ పోతూ పొద్దుటి పూట మంచు దించిందంటే చెరువేదో, చేనేదో గట్టున నడిచే రైతుకే తెలియదు. ఇక పైనుంచి చూసేవాడి సంగతి చెప్పనవసరం లేదు.

2002 మార్చి 3వ తేదీ, ఆదివారం ఉదయం అదే జరిగింది. భీమవరం నుంచి హైదరాబాదు బయలుదేరిన ఒక ప్రైవేటు హెలికాప్టర్ కొద్దిసేపటికే కైకలూరు సమీపాన కొవ్వాడలంక వద్ద చెరువులో కూలిపోయింది. అందులో ప్రయాణిస్తున్నవారు లోక్‌సభ స్పీకర్ శ్రీ గంటి మోహనచంద్ర బాలయోగి. ఆయనతోపాటు అంగరక్షకుడు, పైలట్ కూడా దుర్మరణం పాలయ్యారు. బాలయోగికి అప్పటికి 50 సంవత్సరాలు.

నేల అనుకుంటే నీరు!

ఆ హెలికాప్టర్ బెల్-206 రకానికి చెందినది. ఒకే ఇంజను గల చిన్నపాటి యంత్రం. దారి సరిగా కానరాక పైలట్ కిందికి దిగబోయాడని, తీరా దిగబోయేది నేల కాదు చెరువని గ్రహించి మళ్లీ పైకి లేపబోగా తోకభాగం కొబ్బరిచెట్టుకు తగిలిందని అప్పటి వార్తలు పేర్కొన్నాయి.

ఇటువంటి చిన్న హెలికాప్టర్లు ప్రధానంగా కంటిచూపు మీద నడుస్తాయి. పైలట్‌కు కింద నేల, ఎదుట దిగంతం కనిపిస్తూ ఉండాలి. మబ్బులోకో, మంచులోకో జొరబడితే ఎటు వాలుతున్నదీ శరీరానికి తెలియదు. కదలని నీటి మీద మరో ప్రమాదం ఉన్నది. అద్దంలా ఉండే నీరు ఎంత దూరంలో ఉన్నదో కన్ను అంచనా వేయలేదు. చెరువులు, కొబ్బరితోటలు, కరెంటు తీగలు అల్లుకున్న గోదావరి, కృష్ణా డెల్టాలో ఈ ఇబ్బందులన్నీ ఒక్కచోటే ఎదురవుతాయి.

పంటు దాటిన పల్లె బిడ్డ

యానాం ఒడ్డున నిలబడి చూస్తే గౌతమి పాయకు ఆవలి గట్టున కనిపించే ఊరే ఎదుర్లంక. 1951 అక్టోబరు 1న బాలయోగి జన్మించినది అక్కడే. పడవో, పంటో ఎక్కనిదే కాకినాడ వైపు పోవడానికి వీలులేని రోజులవి. దళిత కుటుంబంలో పుట్టిన ఆ కుర్రవాడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 1980లో కాకినాడలో ప్లీడరు వృత్తి చేపట్టారు. 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చినా దానిని వదులుకున్నారు. 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడయ్యారు. 1991లో అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1996లో ఓడిపోయినా నిరుత్సాహపడక ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్రమంత్రి పదవి నిర్వహించారు.

1998లో తిరిగి లోక్‌సభకు ఎన్నికైన ఆయనను అదే సంవత్సరం మార్చి 24న స్పీకరు పదవి వరించింది. ఆ స్థానం అలంకరించిన తొలి దళితుడు ఆయనే కావడం విశేషం. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయిననాడు సభను నడిపినవారు బాలయోగే. అదే ఏడాది అక్టోబరులో సభ మళ్లీ ఆయననే స్పీకరుగా ఎన్నుకున్నది.

పదవిలో ఉండగా కన్నుమూసిన లోక్‌సభ స్పీకర్లలో 1956లో మవలంకర్ తరువాత బాలయోగి రెండవవారు. ఆయన మరణానంతరం జరిగిన ఉప ఎన్నికలో అమలాపురం ప్రజలు ఆయన సతీమణి శ్రీమతి విజయకుమారిని గెలిపించారు. 2024లో కుమారుడు శ్రీ హరీష్ అదే స్థానం నుంచి పార్లమెంటుకు వెళ్లారు.

ముందూ ప్రమాదాలే, తరువాతా ప్రమాదాలే

బాలయోగి దుర్మరణానికి అయిదు నెలల ముందు, 2001 సెప్టెంబరు 30న, కేంద్ర మాజీ మంత్రి మాధవరావు సింధియా ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురి దగ్గర చిన్న విమానం కూలి మరణించారు. ఆ హెచ్చరికా, కొవ్వాడలంక హెచ్చరికా రెండూ చాలలేదు.

2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య ఎన్నికల ప్రచారం నిమిత్తం కరీంనగర్ వెళ్లడానికి బెంగుళూరు జక్కూరులో చిన్న విమానం ఎక్కారు. లేచిన కాసేపటికే అది కూలిపోగా ఆమె, ఆమె సోదరుడు సహా నలుగురు మరణించారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి చిత్తూరు జిల్లా రచ్చబండ కార్యక్రమానికి బేగంపేట నుంచి బయలుదేరి నల్లమలలో అదృశ్యమయ్యారు. మర్నాటికి గాని హెలికాప్టర్ శకలాలు కనిపించలేదు. అయిదుగురూ మరణించారు. గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడి హెచ్చరికతో పైలట్లు సతమతమవుతుండగా హెలికాప్టర్ క్యుములోనింబస్ మేఘాలలో చిక్కుకుని అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది.

2016 జూలై 22న తాంబరం నుంచి పోర్టుబ్లెయిర్ వెళుతూ బంగాళాఖాతంపై మాయమైన వాయుసేన ఏఎన్-32 విమానంలో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఏడున్నరేళ్లు గడిచాక, 2024 జనవరిలో, సముద్రంలో 3,400 మీటర్ల లోతున దాని శకలాలు గుర్తించినట్లు ప్రకటించారు. అంతకాలం ఆ ఇళ్లలో ఎదురుచూపులు ఎలా సాగాయో ఊహించుకోవలసిందే.

తొందరే శత్రువు

బాలయోగి, సౌందర్య, రాజశేఖరరెడ్డి ప్రయాణాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. మూడూ చిన్న యంత్రాలలో చేసినవే. మూడింటిలోనూ ప్రయాణికులు ప్రజాజీవితంలో క్షణం తీరిక లేనివారే. భీమవరంలో మామూలు మనిషి రాత్రి నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదులో దిగుతాడు. పెద్ద పదవిలో ఉన్నవారికి ఆపాటి వ్యవధి దొరకదు.

ఎన్నికలు వస్తే డెల్టాలో కాలేజీ మైదానాలు, కోసిన వరిచేలు హెలిపాడ్లుగా మారిపోతాయి. సున్నంతో వలయం గీస్తారు, గాలివాటు తెలిసేందుకు పొగ వేస్తారు. మంచులోనుంచి దారి చూపే ఏర్పాట్లు మాత్రం అక్కడ ఉండవు. ఎండ పొడిచేదాకా ఆగుదామని పైలట్ అన్నప్పుడు కాదనకుండా ఉండడమే అక్కడ ఉన్న ఏకైక రక్షణ. నాయకుడు గంట ఆలస్యంగా వస్తే జనం కాస్త విసుక్కుంటారు, అంతే.

ఎదుర్లంకకూ యానానికీ మధ్య ఇప్పుడు పంటు కోసం కాచుకునే పని లేదు. గౌతమిపై వెలసిన వారధి మీదుగా బస్సులు నిమిషాలలో దాటిపోతున్నాయి. ఆ వారధికి బాలయోగి పేరే పెట్టారు.