బోటు ఎంత బరువుకు పలికింది?

నిజాంపట్నం హార్బర్‌లో చెక్క బోట్ల పక్కనే ఫైబర్ బోట్లూ ఉంటాయి. గాజు పీచు మ్యాట్ మీద రెజిన్ పట్టించి, పొర మీద పొర వేసి చేసినవవి. పైన పగిలితే కంటికి కనిపిస్తుంది. లోపల పొరలు విడిపోతే కనిపించదు. అందుకే సుత్తితో మెల్లగా తట్టి చూస్తారు, పొర విడిన చోట డొల్లగా మోగుతుంది. మంచి పద్ధతే. కాకపోతే తట్టిన చోటు సంగతే తెలుస్తుంది, అదీ పొర విడిపోయాక.

దీన్ని తిరగేసిన పద్ధతి అకౌస్టిక్ ఎమిషన్. ఇందులో మనం తట్టం. బరువు పెట్టి, వస్తువు తనంతట తాను పలుకుతుందేమో చూస్తాం. పీచు తెగినా, రెజిన్ చిట్లినా, ఉక్కులో పగులు వెంట్రుకవాసి సాగినా అక్కడ బిగిసి ఉన్న శక్తి ఒక్కసారిగా అలలా బయటికొస్తుంది. మన చెవికి సెకనుకు 20 వేల కంపనాలే హద్దు. ఈ పరీక్షలో ఎక్కువగా వినేది 1 లక్ష నుంచి 3 లక్షల మధ్య. ఇంజన్ మోత, జనం గోల చాలావరకు ఆ కిందే ఉండిపోతాయి.

వినడానికి పీజో సెన్సర్లను గ్రీజు రాసి అతికిస్తారు. అవి సరిగా అంటుకున్నాయో లేదో చూసే తీరు నాకు భలే నచ్చుతుంది: మెకానికల్ పెన్సిల్ తీసుకుని, 0.5 మిల్లీమీటర్ల లెడ్‌ను ఆ ఉపరితలం మీదే పుటుక్కున విరుస్తారు. లక్షల రూపాయల పరికరానికి పెన్సిల్ ముక్కతో పరీక్ష!

పగులు ఎక్కడుందో కాలమే చెబుతుంది. ఉక్కు రేకులో అల సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు పోతుందనుకుందాం. 2 మీటర్ల దూరంలో ఉన్న రెండు సెన్సర్లకు శబ్దం 0.1 మిల్లీసెకను తేడాతో చేరితే, దారిలో తేడా అర మీటరు. వాటి మధ్య గీత మీదే పుట్టి ఉంటే, ఒకదానికి 75 సెంటీమీటర్లు, రెండోదానికి 125. ఫైబర్‌లో ఇంత తేలిక కాదు. పీచు దిశను బట్టి వేగం మారుతుంది, అల త్వరగా నీరసిస్తుంది. సెన్సర్లు దగ్గర దగ్గరగా పెట్టాలి.

చిత్తూరు సరిహద్దుకు అవతల, కోలార్ బంగారు గనుల్లో ఇదే సూత్రం పెద్ద ఎత్తున నడిచింది. 3 కిలోమీటర్లకు పైగా లోతున రాయి ఒత్తిడికి పేలిపోయేది. ఆ పేలుళ్ల చోటు పట్టడానికి భాభా అణు పరిశోధన కేంద్రం 1978లో సెన్సర్ల వల పరిచింది.

అసలు కిటుకు మాత్రం జోసెఫ్ కైజర్ 1950లో మ్యూనిక్‌లో సమర్పించిన పరిశోధన గ్రంథంలో ఉంది. ఒకసారి మోసిన బరువు వరకు లోహం మళ్ళీ పలకదు, అది దాటితేనే పలుకుతుంది. దెబ్బతిన్న ఫైబర్ ఈ నియమం తప్పుతుంది. నిన్న 1000 కిలోలు మోసింది ఇవాళ 800కే చిటపటలాడితే, లోపల పొరలు చెడ్డాయన్నమాట. చప్పుడు ఎంత పెద్దదన్నది కాదు, ఎంత బరువుకు మొదలైందన్నది ముఖ్యం. ఫైబర్‌గ్లాస్ ట్యాంకులను ఇలా పరీక్షించే పద్ధతిని అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ 1982లోనే రాసి పెట్టుకుంది.

ఒక్క బోటు కోసం ఇంత సరంజామా దించితే గిట్టుబాటు కాదు, అక్కడ సుత్తే మేలు. ఐస్ ఫ్యాక్టరీల్లో వాడే అమోనియా పాత్రల లెక్క వేరు. లోపలికి దిగకుండానే బయటి నుంచి వినొచ్చు. కైజర్ చెప్పినట్టు, ఈమధ్య అవి మోసిన పీడనాన్ని కాస్త దాటిస్తేనే పరీక్షకు అర్థం. అందుకే పరీక్షించేవాళ్ళు సెన్సర్లు బిగించే ముందు పీడనం రాసిన లాగ్‌బుక్ అడుగుతారు.